కుడి నుంచి మూడోవాడు

నేను చెప్పే కబుర్లలో సగం అబద్ధమని ఊరందరికీ తెలుసు. ఏ సగమో తేల్చుకోలేకే కూర్చుని వింటారు. ముప్పై ఒక్కేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాల మీద తారీఖు ముద్ర కొట్టిన చెయ్యి నాది. నిమిషానికి నాలుగు వందలు కొట్టేవాణ్ణనీ, ఒకసారి ఆ వేగానికి ఇంకు దిండు రాజుకుని పొగ లేచిందనీ, మంటలార్పే బండి గంట మోగిస్తూ వస్తే దాని తలుపు మీద కూడా తారీఖు కొట్టి పంపించాననీ చెబుతుంటాను. నవ్వుతారు. దెబ్బల మావయ్య అని పేరు కూడా పెట్టారు. తిన్నందుకు కాదు, కొట్టినందుకు.

ఇప్పుడు చెప్పేది ఆ సగంలోది కాదు. నమ్మకపోతే నాకు నష్టమేమీ లేదు, అలవాటే.

ముద్ర కొట్టడంలో నాకొక పట్టింపు ఉండేది. స్టాంపు మీద పువ్వో, పక్షో, వంతెనో ఉంటే ఎక్కడ పడితే అక్కడ కొట్టేవాణ్ణి. మనిషి మొహం ఉంటే మాత్రం మూల మీదే. ముద్రలో నెలవంకంత ముక్క స్టాంపు మీద, మిగతాది కవరు మీద. రూలుకి అది చాలు. మొహం మీద ఇంకు పడితే నాకు ఆ పూట ముద్ద దిగేది కాదు. మా బావది దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి. ఆయన పోస్ట్‌మ్యాన్‌గా ఉన్న రోజుల్లో స్టాంపుల మీద పరాయి రాజు మొహం ఉండేది. ముద్ర కొట్టేవాడు టీకి లేచినప్పుడల్లా మా బావ ఆ ముద్ర అందుకుని సరిగ్గా రాజుగారి ముక్కు మీద దించేవాడు. కిటికీలోంచి నన్ను చూసి కన్ను కొట్టేవాడు. స్వతంత్రం వచ్చింది, మొహాలు మనవాళ్ళవి అయ్యాయి, నేను మూలకి జరిగాను.

మా బావ స్వతంత్రం చూడలేదు. పోరాటంలో ఉన్నవాళ్ళ ఉత్తరాలు పోలీసులు విప్పి చదివే కాలం అది. బస్తా విప్పగానే వాళ్ళ కళ్ళపడకుండా ఆ ఉత్తరాలు తీసి, కోటు లోపల పెట్టుకుని, చేరాల్సినవాళ్ళకి చేతికిచ్చి వచ్చేవాడు. పదకొండు నెలలు అలా నడిపాడు. ఎవరో చెప్పారు. పట్టుకుపోయారు. నాలుగో నెలలో జైల్లో పోయాడు, మనిషిని కూడా ఇవ్వలేదు. అప్పటికి ఆయనకి ఇరవై ఏడు, మా అక్కకి ఇరవై నాలుగు, నాకు పదిహేడు. ఆ తర్వాత నన్ను మనిషిని చేసింది మా అక్కే. నాకు పెళ్ళయినా మా ఇంట్లోనే ఉంది. మా ఇంట్లో ఏమిటి, ఆమె ఇంట్లోనే మేమున్నాం.

బావ పేరు మీద స్టాంపు వెయ్యాలని పదకొండేళ్ళు అర్జీలు పెట్టాం. ప్రతిసారీ ఒకటే జవాబు, ఫోటో పంపండని. ఫోటో ఎక్కడిది? అలాంటిది ఆ చలికాలం ఆఫీసుకి సున్నం కొట్టిస్తూ, ఉత్తరాలు వేరుచేసే గూళ్ళ బీరువా జరిపితే, దాని వెనక చెక్కకీ గోడకీ మధ్య ఒక గ్రూపు ఫోటో దొరికింది. ఆఫీసు గుమ్మం ముందు వరసగా నిలబడ్డ తొమ్మిదిమంది. పోలీసులకి భయపడి ఆ రోజుల్లో ఎవరో దాచి ఉంటారు. అందులో మా బావ ఉన్నాడు. టోపీ కాస్త పక్కకి, రాజుగారి ముక్కు అప్పుడే పగలగొట్టి వచ్చినట్టు.

ఫోటో దొరికేసరికి మా అక్క కళ్ళకి పొరలు కమ్మేశాయి. వెలుతురూ నీడా తప్ప తెలిసేది కాదు. ఫోటో ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమి, తిరిగి ఇచ్చేసింది.

ఫోటో చూశాక పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఫారం పంపించారు. మనిషిని ఇంకుతో గుర్తుపెట్టి పంపాలని ఉంది. మా బావ మొహం మీద ఇంకు గుర్తా? నా వల్ల కాలేదు. వేరే కాయితం మీద రాసి జతచేశాను: 'నిలబడిన తొమ్మిదిమందిలో మూడవ వ్యక్తి.'

ఆ ఒక్క ముక్కలోనే ఆ ఎండాకాలమంతా ఉంది.

*

స్టాంపు నమూనా రిజిస్టరు కవర్లో వచ్చింది. గ్రూపు ఫోటో కూడా తిరిగి పంపారు. విడుదలకి ఇరవై ఆరు రోజులుంది. మధ్యాహ్నం భోజనానికి వెళుతూ ఆ కవరు గుండెకి అదుముకుని ఇంటికి నడిచాను. ఎండకి వీధిలో తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. అక్క కిటికీ పక్కన కుర్చీలో ఉంది. నా చేతులు ఇంకు చేతులు కాబట్టి మా ఆవిడ అందుకుని, కత్తెరతో అంచు కత్తిరించి, నమూనా పైకి తీసింది.

తీసి అలాగే ఉండిపోయింది.

ఆమె భుజం మీదుగా చూశాను. కింద అచ్చులో పేరు మా బావది. మొహం మా మామగారిది.

మా మామగారు అదే ఆఫీసులో హెడ్ గుమాస్తా. ఆ ఫోటోలో ఆయనా ఉన్నాడు, అటు చివర నుంచి మూడోవాడు. నాకు వెంటనే తట్టింది. మా ఆఫీసులో గూళ్ళ బీరువాకి లెక్క కుడిచేతి వైపు నుంచి. బస్తా వచ్చే తలుపు అటుంది కాబట్టి ఒకటో గూడు అటు. మా దగ్గర పనిచేసినవాడెవడైనా ఇంటికెళ్ళి పిల్లల్ని లెక్కపెట్టినా కుడి నుంచే లెక్కపెడతాడు. ఆ అలవాటుతో మూడోవాడని రాసిపారేశాను. రాజధానిలో కూర్చున్న బొమ్మలాయన లోకంలో అందరిలాగా ఎడమ నుంచి లెక్కపెట్టాడు.

"ఏరా, ఎలా ఉన్నారు?" అంది అక్క.

"బ్రహ్మాండంగా ఉన్నాడక్కా."

"నువ్వు బ్రహ్మాండం అన్నావంటే నాకు అనుమానమే. పిల్లా, నువ్వు చెప్పు."

మా ఆవిడ గొంతు సవరించుకుంది. "బాగా వచ్చింది వదినా."

"ఎటు చూస్తున్నారు?"

"కిందికి."

"కిందికా? ఆయన కిందికి చూసే మనిషి కాదే. అందుకే రోజూ గడప తన్నుకునేవారు." అక్క చెయ్యి చాపింది. "మొహం నున్నగానే ఉందా?"

మా ఆవిడ నా వైపు చూసింది. స్టాంపు మీద మీసం ఉంది. సన్నగా, దువ్వినట్టు.

"గీసినాయన పైపెదవి మీద ఒక గీత పెట్టాడక్కా," అన్నాను. "స్టాంపుకి నిండుగా ఉంటుందని."

"మీసం పెంచుతానంటే నేనే వద్దన్నాను. పోయాక పెంచారన్నమాట." నమూనా అందుకుని బొటనవేలితో రాసింది. "ఇంతేనా? గోరంత ఉంది. కళ్ళాసుపత్రి వాళ్ళు వచ్చే నెల ఆపరేషన్ అన్నారుగా, ముందుకి జరపమని అడుగు. విడుదల రోజుకి కట్టు విప్పాలి. ఈ మధ్య కల్లోకి వస్తే టోపీ కనిపిస్తోంది గానీ టోపీ కింద మొహం రావడం లేదురా."

ఆ పూట మా ఇంట్లో ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. తిన్నది అక్క ఒక్కతే.

*

వంటింట్లో మా ఆవిడ గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నే మళ్ళీ తోముతోంది.

"లెక్క తప్పింది. నేనే తప్పు రాశాను," అన్నాను. "పోనీలే, పరాయివాడు కాదు, మీ నాన్నే కదా. ఎవడో దారినపోయేవాడి మొహం వచ్చుంటే ఏం చేసేవాళ్ళం?"

నవ్వుతుందనుకున్నాను. గిన్నె కింద పెట్టింది.

"మీ బావగారి గురించి చెప్పింది ఆయనేనండీ."

కుళాయి కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"ఎవరు?"

"నాన్న. నా పెళ్ళికి ముందు రోజు నాతో చెప్పాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఆఫీసులో అందర్నీ నిలబెట్టి, ఎవడు అని అడిగాడట. నాన్న నోరు విప్పలేదట. గడ్డం ఎత్తి అటు చూపించాడట. అంతే. ఒక్క మాట కూడా అనలేదమ్మా, అన్నాడు నాతో. అదేదో గొప్ప అయినట్టు."

ముప్పై ఏళ్ళ కాపురం. మా ఇంటి గోడ మీద మా అమ్మ ఉంది, మా నాన్న ఉన్నాడు, పదేళ్ళ కిందటి క్యాలెండర్లో నెమలి కూడా ఉంది. వాళ్ళ నాన్న ఫోటో లేదు. పెళ్ళైన కొత్తలో ఒకటి రెండుసార్లు అడిగాను. పాతది, చెదలు పట్టిందంది. ఊరుకున్నాను. నేను చెప్పే అబద్ధాలన్నీ బారెడు ఉంటాయి. ఆమె చెప్పింది అదొక్కటే, బెత్తెడు. ముప్పై ఏళ్ళు నిలిచింది.

"అక్కకి తెలుసా?"

"తెలిస్తే నన్ను ఈ గడప తొక్కనిచ్చేదా?" అని కుళాయి కట్టేసింది.

*

మర్నాడు పొద్దున్నే పోస్టుమాస్టరు గదిలోకి వెళ్ళాను. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, మంచివాడు, నన్ను బాబాయ్ అంటాడు. నమూనా బల్ల మీద పెట్టి, "ఇది మా బావ కాదండీ," అన్నాను.

నవ్వడం మొదలుపెట్టాడు. "మరి ఎవరు బాబాయ్, రాజుగారా?"

"నిజం చెబుతున్నాను."

"మొన్న వేసవిలో పోస్టు డబ్బాలో కోడి గుడ్లు పెట్టిందనీ, వాటి మీద కూడా తారీఖు కొట్టాననీ నిజమే చెప్పావు."

గ్రూపు ఫోటో తీసి చూపించాను. గూళ్ళ బీరువా వైపు వేలు పెట్టి లెక్క చెప్పాను. ఆయనా ఆ ఆఫీసువాడే. కుడి నుంచి ఒకటి, రెండు, మూడు అని పెదాలు కదిపాడు. ఎడమ నుంచి మళ్ళీ కదిపాడు. నవ్వు ఆగిపోయింది. లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"అచ్చు అయిపోయింది బాబాయ్. లక్షల్లో. అన్ని ఆఫీసులకీ కట్టలు బయల్దేరాయి. అయిదుగురి స్టాంపులు ఒకే రోజు. ఇప్పుడు తప్పని రాస్తే మిగతా నలుగురివీ వస్తాయి, మీ బావది చించేస్తారు. మళ్ళీ వేస్తారా? పదకొండేళ్ళు పట్టింది. అమ్మ వయసెంత?"

"అరవై నాలుగు."

"ఈ మొహం ఎవరిదో ఊళ్ళో ఇంకెవరికి తెలుసు?"

ఆలోచించాను. ఫోటోలో తొమ్మిదిమందీ పోయారు. మా మామగారు పోయి ఇరవై ఆరేళ్ళు. గోరంత బొమ్మలో ఆయన్ని గుర్తుపట్టేవాళ్ళు ముగ్గురు, ముగ్గురమూ ఒకే ఇంట్లో ఉన్నాం.

"మా అక్కకి తెలుసు."

"అమ్మకి కనపడదుగా," అన్నాడు మెల్లగా. అని తనే సిగ్గుపడి, కాయితాలు సర్దుకున్నాడు. మా అక్కకి ఆపరేషన్ కాబోతోందని ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు.

బయటికొచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఎండలకి ఇంకు దిండు గంటకోసారి ఎండిపోతోంది. తడుపుతూ, కొడుతూ, ఒకటే లెక్కపెట్టుకున్నాను. చెబితే మా అక్కకి స్టాంపు ఉండదు. చెప్పకపోతే, తన మొగుణ్ణి పట్టించినవాడి మొహం కింద మొగుడి పేరు చూస్తుంది. ఎవరు చెప్పారో తెలియదు కదా, ఏదో పొరపాటు అనుకుంటుందిలే అని ఒక పక్క. మీ మామ మొహం ఎందుకొచ్చిందిరా అని అడిగితే మా ఆవిడ నిలబడగలదా అని ఇంకో పక్క. ఆ పూట నాలుగు ఉత్తరాల మీద ముద్ర రెండుసార్లు పడింది.

*

వారం రోజులు ఆలోచించి ఆలోచించి నాకు చేతనైన పనే చేశాను. సాయంత్రం అక్క పక్కన చేరి, "అక్కా, ఆ కళ్ళ డాక్టరు గురించి విన్నావా?" అన్నాను.

"ఏం చేశాడు?"

"తాపీమేస్త్రికి ఆపరేషన్ చేశాడు. కట్టు విప్పితే లోకమంతా తలకిందులు. పాపం ఆ మేస్త్రి గోడ పైనుంచి కిందికి కట్టుకొస్తున్నాడు ఇప్పుడు. పునాది ఇంకా పడలేదు."

అక్క నవ్వలేదు.

"ఇంకొకామెకి రెండు కళ్ళూ పొరపాటున అటుదిటు ఇటుదటు పెట్టాడట. ఎదురుగా వస్తున్న మొగుణ్ణి వదిలేసి వెనక పోతున్నవాణ్ణి..."

"ఒరేయ్," అంది అక్క. "చిన్నప్పుడు పలక పగలగొట్టినప్పుడు ఏం చెప్పావో గుర్తుందా? గద్ద ఎత్తుకుపోయి కొండమీద పడేసిందన్నావు. భయం వేసినప్పుడే నీ కోతలు ఆకాశాన్నంటుతాయి. దేనికి భయం?"

"భయమేం లేదు."

"వారం రోజులుగా ఆ పిల్ల కూరలో ఉప్పు వెయ్యడం లేదు. నువ్వు అడగడం లేదు. ఉప్పు లేదని నువ్వు అడగకపోవడం ఈ ఇంట్లో నేనెప్పుడూ చూళ్ళేదు."

లేచి చెప్పులు వెతుక్కున్నాను. కాళ్ళ దగ్గరే ఉన్నాయి, కనపడలేదు. పొర నాకు కమ్మినట్టుంది.

రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి కిటికీ పక్కన కుర్చీ ఖాళీ. అక్క లోపల మంచం మీద పడుకుని ఉంది. రెండు కళ్ళకీ తెల్లటి కట్టు. పొరలు ముదిరిపోయాయని డాక్టరు రెండూ ఒకేసారి తీసేశాడట. మా ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుని దూదితో ఆమె చెంపలు తుడుస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్ళింది, సంతకం పెట్టింది, రిక్షాలో ఒళ్ళో తల పెట్టించుకుని తీసుకొచ్చింది, అంతా తనే.

నేను సైగ చేసి వంటింట్లోకి పిలిచాను. "ఏం పని చేశావు?"

"వదిన చూడాలండీ."

"చూస్తే నీకేమవుతుందో తెలుసా?"

"రోజూ ఆవిడ పళ్ళెంలో అన్నం పెట్టేటప్పుడు అదే అనుకునేదాన్ని, తెలిస్తే ఏమవుతుందని. ముప్పై ఏళ్ళు. కళ్ళు మసకబారుతున్నాయని తెలిసినప్పుడు నాకు లోపల కాస్త తేలికైంది. అది ఆవిడతో చెప్పగలనా?" అంది. "ఇంక ఓపిక లేదు."

*

విడుదలకి ముందు రోజు పొద్దున కట్టు విప్పారు. డాక్టరు మందపాటి కళ్ళద్దాలిచ్చాడు. అక్క ఇంటికొచ్చి ముందు కుర్చీని చూసింది, తర్వాత కిటికీని. తర్వాత నన్ను దగ్గరికి రమ్మంది. "ఎంత ముసలాడివయ్యావురా," అంది. మా ఆవిణ్ణి చూసింది. చెంప మీద చెయ్యి వేసి తీసింది.

"ఫోటో తీసుకురా."

గ్రూపు ఫోటో ఇచ్చాను. వెలుతురు వైపు తిప్పుకుంది. మేం చెప్పకుండానే వేలు వెళ్ళి మా బావ మీద ఆగింది. మేమిద్దరం పక్కనే నిలబడ్డాం. వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

"ఇంత చిన్నవాడా?" అంది అక్క. "నాకు కొడుకుంటే వాడికే ఇంతకంటే పెద్ద వయసుండేది."

వేలు వరసలో జరిగింది. ఒక్కొక్కరి మీదుగా ఎడమకి. ఆ చివర నుంచి మూడోవాడి దగ్గర కాస్త నిలిచి, ముందుకి పోయింది. ఫోటో ఒళ్ళో పెట్టుకుంది.

"స్టాంపు నమూనా ఏదీ?"

"పోస్టుమాస్టరు దగ్గరుంది," అన్నాను. నా చొక్కా జేబులోనే ఉంది.

"వదినా," అంది మా ఆవిడ. "మీకొక మాట చెప్పాలి."

అక్క కళ్ళద్దాలు తీసి చీర అంచుతో తుడుచుకుంది. "రేపు చెబుదువు. ఇవాళ నన్ను చూసుకోనీ."

*

సభ మా ఆఫీసు పెద్ద గదిలోనే. గూళ్ళ బీరువా ముందు తెల్లగుడ్డ పరిచిన బల్ల, నాలుగు కుర్చీలు. రాజధాని నుంచి ఒక అధికారి వచ్చాడు. ఊళ్ళో సగంమంది లోపల, సగంమంది కిటికీల్లో. గాలి ఆడటం లేదు. నాకు మామూలు పనే అప్పజెప్పారు, పక్క బల్ల దగ్గర మొదటిరోజు ముద్రతో కూర్చోవడం. స్టాంపు కొని కవరు మీద అంటించి తెచ్చినవాళ్ళకి ఆ తారీఖు కొట్టివ్వాలి. పొద్దున నుంచి తారీఖు అచ్చులు మూడుసార్లు సరిచూసుకున్నాను. మా ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

అధికారి మా బావ గురించి మాట్లాడాడు. సగం నేను రాసి పంపినదే. తుపాకీ గుళ్ళ మధ్య నది ఈదాడన్న ముక్క నేను కలిపింది. మా ఊళ్ళో నది లేదు. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు అట్టపెట్టెలోంచి స్టాంపుల కాయితం తీసి, ఒంగి, మా అక్క చేతిలో పెట్టాడు.

అక్క కళ్ళద్దాలు సర్దుకుంది. కాయితం దగ్గరికి తెచ్చుకుంది.

నేను ముద్ర పిడి పట్టుకుని ఉన్నాను. అక్క తల ఎత్తలేదు. పోస్టుమాస్టరు నా వైపు చూసి, నేల వైపు చూశాడు. ఆ కాయితం మీద ముప్పై అయిదు మొహాలు, ముప్పై అయిదూ కిందికి చూస్తున్నాయి.

"అమ్మా," అన్నాడు అధికారి, "మీవారి గురించి ఒక్క మాట."

అక్క తల ఎత్తింది. అధికారిని చూడలేదు, నన్నూ చూడలేదు. గోడ దగ్గర మా ఆవిడ మొహం వెతికి పట్టుకుంది. అక్కడే చూపు నిలిపి చెప్పింది.

"ఆయనే."

చప్పట్లకి కిటికీ అద్దాలు అదిరాయి. మా ఆవిడ గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఎండదెబ్బ అనుకుని ఎవరో మంచినీళ్ళు తెచ్చారు.

*

జనం పలచబడ్డాక అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. వెనకే మా ఆవిడ. అక్క చేతిలో ఒక కవరు, మీద స్టాంపు. చిరునామా పోస్టుమాస్టరు చేత రాయించుకుందట. చూశాను. మా ఇంటిదే. పేరు మా ఆవిడది.

"లోపల ఏముంది?" అన్నాను.

"ఏమీ లేదు. కొట్టు."

ముద్ర ఇంకుకి అద్దాను. చెయ్యి పైకి లేచింది, అక్కడే ఆగింది. జీవితంలో మొదటిసారి ఎక్కడ కొట్టాలో తెలియలేదు. "ఎక్కడ కొట్టమంటావక్కా?"

"ఎక్కడ కొట్టాలని ఉంది నీకు?"

నిజం చెప్పాలంటే ముక్కు మీద కొట్టాలని ఉంది. మా బావ కొట్టినట్టు. పక్కన మా ఆవిడ ఉంది. చెప్పలేదు.

అక్క మా ఆవిడ వైపు తిరిగింది. "ఆయన్ని తీసుకుపోయిన మర్నాడు ఆయన టోపీ తెచ్చుకుందామని ఇక్కడికే వచ్చాను. ఏడుగురు పలకరించారు. మీ నాన్న ఒక్కడు గడ్డం ఎత్తలేకపోయాడు. పదేళ్ళ తర్వాత నీ సంబంధం చెప్పడానికి మా ఇంటికొచ్చినప్పుడూ ఎత్తలేదు. తెలియకేం?"

"తెలిసే ఒప్పుకున్నారా వదినా?" ఆ మాట నాకే సరిగ్గా వినపడలేదు.

"పగతోనే ఒప్పుకున్నాను. వాడి పిల్ల రోజూ నా మొహం చూడాలి, వాడు వచ్చినప్పుడల్లా అది చూడాలి అనుకున్నాను. వచ్చిన రెండో నెలలో నాకు టైఫాయిడ్ వచ్చింది. ఇరవై రోజులు నువ్వే ఎత్తి కూర్చోబెట్టావు. ఇంకేం పగ. అంత ఒళ్ళు నొప్పుల్లో ఎవరికి గుర్తుంటుంది." కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "వాణ్ణి క్షమించానని చెప్పడం లేదు. అది నా వల్ల కాదు. ముప్పై ఏళ్ళు గోడ మీద తండ్రి ఫోటో లేకుండా బతికావు, అది చూశాను. కళ్ళు కనపడకపోతే గోడ తెలియదా?"

తర్వాత నా వైపు తిరిగింది. "మూల మీద కొట్టరా. మొహం మీద ఒక్క చుక్క పడకూడదు. పిల్ల దాచుకుంటుంది."

"మరి బావ?"

"ఆయన పేరుంది. మొహం నా దగ్గరుంది. కుడి నుంచి మూడోవాడు. లెక్క సంగతి పోస్టుమాస్టరు చెప్పాడు. ఆ ముక్క రాసేముందు నన్నడిగుంటే ఏ వైపు నుంచో కూడా రాయమని చెప్పేదాన్ని."

కొట్టాను.

మర్నాడు మా పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి మా ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచాడు. పోస్టాఫీసు వాడి పెళ్ళాం అయి ఉండీ, తన పేరు మీద ఉత్తరం రావడం అదే మొదలు. ఆమె కవరు చింపలేదు. గ్రూపు ఫోటోకి అద్దం వేయించి గోడకి తగిలించాం. దాని పక్కనే ఆ కవరూ పెట్టింది. కిందికి చూస్తూ మా మామగారు, పక్కన టోపీ వంకరగా పెట్టుకుని మా బావ. ఆ రాత్రి కూరలో ఉప్పు రెండింతలు పడింది. ముగ్గురమూ నోరెత్తకుండా తిన్నాం.

అక్క భోజనం చేసి గోడ దగ్గరికి వెళ్ళి, కవరు మీదికి ఒంగి, చాలాసేపు చూసింది.

"ఒరేయ్," అంది. "ముద్ర వంకరగా పడిందిరా."

పడింది. ముప్పై ఒక్కేళ్ళలో అదొక్కసారే. ఇది మాత్రం కోత కాదు, కావాలంటే వచ్చి చూసుకోండి. గోడ మీదే ఉంది.